ఎక్స్చేంజి గదిలో ఖాళీ చోటు: ఎడ్జ్ సేవల్లో మొబైల్ ఆపరేటర్‌కు డబ్బు ఎక్కడుంది?

(విజయనగరంలో ఇంజినీరింగ్ విద్యార్థులు, కేబుల్ ఆపరేటర్లు, చుట్టుపక్కల పరిశ్రమల వారు పాల్గొన్న సభలో ఒక నెట్‌వర్క్ ఇంజినీరు చేసిన ప్రసంగం. చివర రెండు ప్రశ్నలు, జవాబులు.)

అందరికీ నమస్కారం. ముందు వరసల్లో ఇంజినీరింగ్ పిల్లలున్నారు. వెనక కేబుల్ ఆపరేటర్లున్నారు. ఆ పక్కన గరివిడి, బొబ్బిలి వైపు నుంచి వచ్చిన ఫ్యాక్టరీ వాళ్లున్నారు. ఇన్ని రకాల వాళ్లకి ఒకే సబ్జెక్టు చెప్పడం కష్టం. అందుకని డబ్బు గురించి చెబుతాను, అదైతే ఎవరికీ నిద్ర రాదు. (నవ్వులు)

మన దేశంలో ఒక సిమ్ము మీద మొబైల్ కంపెనీకి నెలకి వచ్చేది సగటున రెండు వందల చిల్లర. 2016 సెప్టెంబరు 5న జియో వచ్చాక డేటా ధర నేలకి దిగింది, వాడకం ఆకాశానికెక్కింది. 2022లో 5జీ స్పెక్ట్రమ్ వేలం పెడితే కంపెనీలన్నీ కలిపి లక్షన్నర కోట్ల రూపాయల పాట పాడాయి. అదే ఏడాది అక్టోబరు 1న సేవలు మొదలయ్యాయి. మరి ఆ లక్షన్నర కోట్లు ఎలా తిరిగి రావాలి? మనం బస్సులో కూర్చుని రీల్స్ చూస్తే రావు. ఎంత చూసినా మన రీచార్జి అదే. ఎక్కువ చూసేకొద్దీ కంపెనీకి ఖర్చే.

కాబట్టి ఆపరేటర్లందరూ ఇంకేదో అమ్మాలని చూస్తున్నారు. ఆ 'ఇంకేదో'లో ఒకటి వర్చువల్ ఎడ్జ్ సేవలు. ఇందులో లాభం ఉంది. కాకపోతే సేల్స్ వాళ్లు స్లైడ్లలో చూపించే చోట లేదు. నేను చెప్పదలుచుకున్నది అదొక్కటే.

ముందు వస్తువేంటో చూద్దాం. పదేళ్ల కిందటి దాకా నెట్‌వర్క్‌లో ఒక్కో పనికి ఒక్కో పెట్టె ఉండేది. రూటర్ ఒక పెట్టె, బయటి దాడుల్ని ఆపే ఫైర్‌వాల్ ఒక పెట్టె, మొబైల్ కోర్‌లో, అంటే నెట్‌వర్క్ నడిమి కేంద్రంలో, గేట్‌వే అయితే ఏకంగా బీరువా. 2012 అక్టోబరులో జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో పెద్ద ఆపరేటర్లు పదమూడు మంది కలిసి ఒక పత్రం విడుదల చేశారు. ఈ పెట్టెలన్నీ మాకొద్దు, పనిని సాఫ్ట్‌వేర్‌గా ఇవ్వండి, బజార్లో దొరికే మామూలు సర్వర్ మీద మేమే నడుపుకుంటాం అన్నారు. ఎన్ఎఫ్‌వీ, అంటే నెట్‌వర్క్ ఫంక్షన్స్ వర్చువలైజేషన్ అని మీరు పరీక్షల్లో రాసేది అదే. ఆ తర్వాత రెండేళ్లకి, 2014లో, ఆ సర్వర్ని జనానికి దగ్గరగా పెట్టడం మీద యూరప్ ప్రమాణాల సంస్థ ఎట్సీ ఇంకో బృందాన్ని వేసింది. దగ్గరగా అంటే హైదరాబాదులోనో ముంబైలోనో కాదు, విజయనగరం ఎక్స్చేంజి గదిలో. ఈ రెండూ కలిస్తే మన సబ్జెక్టు.

ఎక్స్చేంజి గది అన్నాను కదా. వయసులో పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది, పాత టెలిఫోన్ ఎక్స్చేంజిలంటే పెద్ద పెద్ద హాళ్లు. యంత్రాలు చిన్నవైపోయాయి, హాళ్లు మిగిలిపోయాయి. కరెంటు ఉంది, బ్యాటరీలున్నాయి, జనరేటర్ ఉంది, ఫైబర్ అక్కడికే వచ్చి కలుస్తుంది, తలుపుకి తాళం ఉంది. డేటా సెంటర్‌కి కావలసినవన్నీ చిన్న సైజులో అక్కడున్నాయి. అమెరికాలో ఏటీ అండ్ టీ వాళ్లు ఇదే ఆలోచనతో ఎక్స్చేంజినే డేటా సెంటర్‌గా మార్చే ప్రాజెక్టుకి 'కార్డ్' అని పేరు పెట్టి కొన్నాళ్లు నడిపారు. మొబైల్ ఆపరేటర్ స్విచ్ గది కూడా ఇలాంటిదే.

ఆ గదుల్లో ఎడ్జ్ ఇప్పటికే ఉంది, గమనించారా? మీరు యూట్యూబ్ నొక్కిన వెంటనే వీడియో మొదలైపోతోందంటే అది అమెరికా నుంచి రావట్లేదు. గూగుల్, నెట్‌ఫ్లిక్స్ లాంటి కంపెనీలు తమ వీడియో దాచిపెట్టే సర్వర్లని ఆపరేటర్ల గదుల్లో ఉచితంగానే పెడతాయి. వాళ్ల వీడియో వేగంగా వెళ్తుంది, ఆపరేటర్‌కి దూరపు లైను ఖర్చు తగ్గుతుంది. ఇద్దరికీ మంచిదే. ఒక్కటే చిక్కు. స్థలం మనది, కరెంటు మనది, సర్వర్ వాళ్లది, కస్టమర్ వాళ్లవాడు. ఆపరేటర్‌కి మిగిలేది ఆదా, ఆదాయం కాదు. నేను చూసినంతలో చాలా కంపెనీల్లో ఈ రెండింటికీ తేడా చూడకుండానే బిజినెస్ ప్లాన్లు రాసేస్తున్నారు.

ఇప్పుడు స్లైడ్ల సంగతి. ఎడ్జ్ గురించి ఎవరు మాట్లాడినా మొదట వచ్చే మాట లేటెన్సీ, అంటే డేటా వెళ్లి రావడానికి పట్టే ఆలస్యం. మిల్లీసెకన్లు తగ్గిస్తాం, దానికి డబ్బులివ్వండి అంటారు. పిల్లలూ, లెక్క మీరే వేయండి. గాజు తీగలో కాంతి సెకనుకి సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే వంద కిలోమీటర్ల దూరానికి వెళ్లి రావడానికి ఒక మిల్లీసెకను. విజయనగరం నుంచి హైదరాబాదు రోడ్డు మీద ఏడొందల కిలోమీటర్ల లోపే, ఏడు మిల్లీసెకన్లనుకోండి. ముంబైకి వంకర టింకర దారిలో పదిహేను వందల కిలోమీటర్లు అనుకున్నా పదిహేను. 4జీలో అయితే ఫోన్‌కీ టవర్‌కీ మధ్యే అంతకు మించి పోతుంది. మరి సర్వర్ని విజయనగరం తెస్తే ఆ పది పదిహేను మిల్లీసెకన్ల కోసం నెలనెలా డబ్బు కట్టే మనిషెవరు? మన జిల్లాల్లో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీల్లో రోబో చెయ్యి నడిపేవాళ్లకి కావాలి. భోగాపురం విమానాశ్రయంలో కొన్ని పనులకి కావాలి. వాళ్లు మంచి కస్టమర్లే, కాదనను. కానీ వాళ్లని నమ్ముకుని జిల్లాకో ఎడ్జ్ కట్టలేం.

మరి డబ్బెక్కడుంది? ఆటో చార్జీల్లో ఉంది. నిజంగానే.

ఒక సహకార బ్యాంకుకి శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాల్లో 30 శాఖలున్నాయనుకుందాం. లెక్క కోసం చెబుతున్నాను, ఏ బ్యాంకూ కాదు. ఒక్కో శాఖలో మోడెం ఒకటి, రూటర్ ఒకటి, ఫైర్‌వాల్ ఒకటి. మూడు పెట్టెలు, మూడు కంపెనీలు, మూడు ఏఎంసీలు, అంటే ఏడాది మరమ్మతు ఒప్పందాలు. సీతంపేటలో లింకు ఆగింది. మేనేజర్ గారు ఫోన్ చేస్తారు. మోడెం వాడు రూటర్ అంటాడు, రూటర్ వాడు ఫైర్‌వాల్ అంటాడు. టెక్నీషియన్ పొద్దున్న బయల్దేరి మధ్యాహ్నానికి చేరుకుని, పెట్టె ఆపి మళ్లీ ఆన్ చేసి, సంతకం పెట్టించుకుని వచ్చేస్తాడు. మూడు రోజులకి మళ్లీ అదే కథ. ఏజెన్సీకి వెళ్లొచ్చిన టెక్నీషియన్ కుర్రాళ్లిక్కడ ఎవరైనా ఉంటే తల ఊపండి. (సభలో నవ్వులు) చూశారా.

అదే పనిని ఎడ్జ్‌లోకి తెస్తే శాఖలో మిగిలేది ఒక్క చిన్న పెట్టె. దానికి తెలివితేటలు అక్కర్లేదు, డేటా ప్యాకెట్లని ఇక్కడికి పంపిస్తే చాలు. రూటర్, ఫైర్‌వాల్, రెండు లింకుల్లో ఏది బాగుంటే దాని మీద పంపే ఎస్‌డీ-వ్యాన్, ఇవన్నీ విజయనగరం గదిలో సాఫ్ట్‌వేర్‌గా నడుస్తాయి. సెట్టింగు మారాలంటే ఒక మనిషి కుర్చీలోంచి లేవకుండా మారుస్తాడు. పెట్టె పోతే కొరియర్‌లో ఇంకోటి పంపితే బ్యాంకు అటెండర్ తీగ పెడతాడు, అది తనంతట తనే సెట్టింగులు తెచ్చుకుంటుంది.

లెక్కలోకి రండి. ఈ అంకెలు కూడా నేను వేసుకున్నవే, మీరు మీ అంకెలు వేసుకోండి. లింకు ధర కాకుండా ఈ సేవకి శాఖకి నెలకి 1,500 తీసుకున్నాం. సాఫ్ట్‌వేర్ లైసెన్సుకి 600, సర్వర్ వాటా, కరెంటు కలిపి 250, ఫోన్ ఎత్తే మనిషికి 250. మిగిలింది 400. ఇప్పుడు ప్రయాణాలు. ఏడాదికి శాఖకి నాలుగు సార్లు టెక్నీషియన్ వెళ్లేవాడు, ఒక్కో రాకపోకకి 1,500. అవి సగమైతే 30 శాఖల మీద ఏడాదికి 90 వేలు ఆదా. శాఖకి నెలకి 250. మొత్తం 650.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్ కంపెనీ వాడు లైసెన్సు 600 కాదు, వెయ్యి అన్నాడనుకోండి. మన 400 ఆవిరైపోయింది. మిగిలింది ప్రయాణాల ఆదా 250 మాత్రమే. అంటే సాఫ్ట్‌వేర్ ఎంతకి కొన్నామన్న దాని మీదే మన లాభం నిలబడుతుంది. దానికి తోడు చాలామంది అమ్మేవాళ్లు పాత పద్ధతిలోనే, కస్టమర్ వచ్చినా రాకపోయినా ఏడాది లైసెన్సుల కట్ట ముందే కొనమంటారు. అది ఒప్పుకుంటే పెట్టె కొన్నదానికీ దీనికీ తేడా లేదు. ఎన్ని శాఖలు వాడితే అన్నిటికే నెలనెలా కడతాం అనే షరతు లేకుండా సంతకం పెట్టొద్దు. ఇక్కడ ఎవరైనా రేపు ఏ ఆపరేటర్ కొనుగోలు విభాగంలోనో చేరితే, నా ప్రసంగంలో మిగతాదంతా మర్చిపోయినా ఈ ఒక్క షరతు గుర్తుపెట్టుకోండి.

బయట దేశాల అనుభవం కూడా ఇదే చెబుతోంది. ఏటీ అండ్ టీ 2020 నాటికి తన నెట్‌వర్క్‌లో 75 శాతం సాఫ్ట్‌వేర్‌గా మార్చేస్తానని లక్ష్యం పెట్టుకుంది. అంత కష్టపడి కట్టుకున్న తన నెట్‌వర్క్ క్లౌడ్ సాంకేతికతని 2021లో మైక్రోసాఫ్ట్‌కి అప్పజెప్పింది. జపాన్‌లో రకుటెన్ 2020 ఏప్రిల్‌లో మొదటి నుంచీ మొత్తం వర్చువల్‌గా కట్టిన మొబైల్ నెట్‌వర్క్ మొదలుపెట్టింది. ఇంజినీర్లందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. కానీ మొబైల్ వ్యాపారం ఆ గ్రూపుని ఏళ్ల తరబడి నష్టాల్లోకి లాగింది. సాఫ్ట్‌వేర్‌గా కట్టడం వల్ల కట్టుబడి ఖర్చు తగ్గొచ్చు, కస్టమర్లు వాళ్లంతట వాళ్లు రారు.

ఈ వర్చువల్ సేవల మొదటి తరంలో ఇంకో తప్పు కూడా జరిగింది. పెట్టెలో ఉన్న సాఫ్ట్‌వేర్ని ఉన్నదున్నట్టు తీసి సర్వర్ మీద పెట్టారు. ఒక్కోటి సర్వర్లో పెద్ద ముక్క ఆక్రమించి కూర్చునేది. పది మంది కస్టమర్లకి సర్వర్ నిండిపోయేది. ఇప్పుడు కంటైనర్లలోకి, అంటే తక్కువ చోటులో ఇమిడే చిన్న సాఫ్ట్‌వేర్ పొట్లాల్లోకి మారుస్తున్నారు, అదే సర్వర్లో ఎన్నో రెట్లు ఎక్కువ మంది పడతారు. ఆ కంటైనర్లని నడిపించే కుబర్నెటీస్ నేర్చుకోమని మీ సార్లు చెబుతుంటే విసుక్కోకండి, టెలికామ్‌లో ఉద్యోగాలు అటే పోతున్నాయి.

సరే, గది కట్టే వరుస గురించి. నా లెక్కలో ఎడ్జ్‌ని ఎవరికో అమ్మడానికి కట్టకూడదు, ముందు సొంతానికి కట్టుకోవాలి. కింద మనం ఉంటూ పైపోర్షను అద్దెకిచ్చుకునే ఇల్లులా. 5జీలో యూపీఎఫ్ అని ఉంటుంది, కస్టమర్ డేటా అంతా దాని గుండానే పోవాలి. దాన్ని విజయనగరంలో పెడితే ఇక్కడి వీడియో ఇక్కడి నిల్వ నుంచే ఇక్కడికే పోతుంది, హైదరాబాదు లైను మీద బరువు తగ్గుతుంది. అలా ఆదా అయిన డబ్బే సర్వర్ల ఖర్చు చాలావరకు తీర్చాలి. అప్పుడు సర్వర్‌లో మిగిలిన చోట బ్యాంకు ఫైర్‌వాల్ పెట్టినా, ఫ్యాక్టరీ కెమెరా సాఫ్ట్‌వేర్ పెట్టినా వచ్చిందంతా పైడబ్బు. ముందు కస్టమర్ కోసం కట్టి, కస్టమర్ రాలేదని ఏడ్చిన వాళ్లని చూశాను.

ఎవరు కస్టమర్లు? పలాస నుంచి మొదలుపెడతా. జీడి వ్యాపారికి ఇంటర్నెట్ ఎందుకని అడగొచ్చు. 2023 ఆగస్టు 1 నుంచి ఏడాది టర్నోవర్ 5 కోట్లు దాటినవాళ్లు, కొన్ని మినహాయింపులు పోను, ఇంకో వ్యాపారికి అమ్మితే ఈ-ఇన్వాయిస్, అంటే జీఎస్టీ పోర్టల్లో నమోదయ్యే బిల్లు ఇవ్వాలి. కాశీబుగ్గలో జీడిపప్పు వ్యాపారులకి 5 కోట్లంటే పెద్ద మాటేం కాదు. గుండు, బద్ద వేరు చేసి, డబ్బాలకెత్తి, లారీ సిద్ధంగా ఉండి, నెట్ లేక బిల్లు రాకపోతే లారీ కదలదు. ఆ వ్యాపారికి కావలసింది మిల్లీసెకన్లు కాదు, ఒక లైను పోతే 4జీ మీద తనంతట తనే మారిపోవాలి. దానికి నెలకి వెయ్యి రూపాయలు అడిగి చూడండి, బేరం ఆడతాడు గానీ ఇస్తాడు.

ఇంకొకటి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం కంపెనీలు తమ కంప్యూటర్ వ్యవస్థల లాగులు, అంటే ఎప్పుడేం జరిగిందో నమోదయ్యే చిట్టాలు, 180 రోజులు దాచాలి, సైబర్ దాడి జరిగితే గమనించిన 6 గంటల్లో చెప్పాలి. ఈ మాట రాజాంలోనో పార్వతీపురంలోనో ఒక మోస్తరు ప్రైవేటు ఆసుపత్రి యజమానికి చెప్పండి. ఆయన మొహం చూడండి. లాగంటే ఏంటో చెప్పడానికే అరగంట. ఫైర్‌వాల్ మన ఎడ్జ్‌లోనే ఉంటే లాగులూ మన దగ్గరే ఉంటాయి. 180 రోజులు దాచడం, అడిగినప్పుడు తీసివ్వడం మనకి చిన్న పని, ఆయనకి పెద్ద బరువు. నా దృష్టిలో మన జిల్లాల్లో అన్నిటికన్నా సులువుగా అమ్ముడయ్యే ఎడ్జ్ సేవ ఇదే. దీని మీద ఎవరూ స్లైడ్ వేయరు, గ్లామర్ లేదు కదా.

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం సంగతి కూడా చెప్పాలి. సోంపేట, కవిటి, పలాసల్లో డయాలసిస్ చేయించుకునేవాళ్లకి రిపోర్టులు విశాఖ కేజీహెచ్ దాకా, ఇంకా పైకి వెళ్లాల్సి వస్తుంది. అలాంటి కేంద్రాలని ఒక గొలుసుగా కలిపి, ఒకే భద్రతతో, ఒకే బిల్లుతో ఇవ్వగలిగేది జిల్లా అంతటా లైనున్న ఆపరేటరే. ఇందులో లాభం తక్కువే ఉంటుంది. అయినా ఆ ఒప్పందం చేతిలో ఉన్నవాడికి పక్క ఒప్పందాలు తేలిగ్గా వస్తాయి.

వర్చువల్ అవ్వడం వల్ల వచ్చే అసలు సుఖం ఒకటి చెబుతా, అది విజయనగరం వాళ్లకే బాగా అర్థమవుతుంది. పైడితల్లమ్మ సిరిమానోత్సవం. సోమవారం తొలేళ్లు, మంగళవారం సిరిమాను. మూడు లాంతర్ల నుంచి కోట దాకా ఇసుక వేస్తే రాలనంత జనం. పోలీసులకి ఎక్కడ తొక్కిసలాట మొదలయ్యేలా ఉందో క్షణాల్లో తెలియాలి. కెమెరా బొమ్మలన్నీ హైదరాబాదు పంపి చూడక్కర్లేదు. ఇక్కడి గదిలోనే సాఫ్ట్‌వేర్ చూసి, అనుమానం ఉన్న బొమ్మ మాత్రమే కంట్రోల్ రూముకి పంపుతుంది. ఆదివారం రాత్రి ఆ సాఫ్ట్‌వేర్ లేపుతాం, బుధవారం పొద్దున్న దించేస్తాం. రెండు రోజులకి అద్దె. ఏడాదిలో మిగతా రోజులు అదే సర్వర్ మీద గరివిడి ఫెర్రో అల్లాయ్స్ ఫర్నేసు కెమెరాలు నడుస్తాయి. అదే పెట్టె కొని ఉంటే? రెండు రోజుల కోసం ఏడాదంతా బీరువాలో. రథసప్తమికి అరసవల్లిలో కూడా ఇదే పద్ధతి, శ్రీకాకుళం గది నుంచి.

పెద్ద క్లౌడ్ కంపెనీలతో పొత్తు గురించి అందరూ అడుగుతారు. అమెజాన్ 2019 చివర్లో వేవ్‌లెంగ్త్ అని ప్రకటించి, తన సర్వర్లని వెరిజాన్ లాంటి ఆపరేటర్ల గదుల్లో పెట్టడం మొదలుపెట్టింది. మన పక్కనే విశాఖలో గూగుల్ ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లతో ఏఐ డేటా సెంటర్ కడతానని 2025 అక్టోబరులో ప్రకటించింది. ఎయిర్‌టెల్ అందులో భాగస్వామి, సముద్రపు కేబుల్ కూడా అక్కడే ఒడ్డుకి వస్తుంది. అరవై కిలోమీటర్లలో అంత పెద్ద క్లౌడ్ ఉంటే విజయనగరంలో ఎడ్జ్ ఎందుకు అనొచ్చు. మిల్లీసెకన్ల కోసమైతే అక్కర్లేదు, నేనూ ఒప్పుకుంటాను. కానీ సీతంపేట బ్యాంకు లింకు ఆగితే గూగుల్‌కి ఫోన్ చేస్తే ఎవరెత్తుతారు? పొత్తు పెట్టుకోండి, సర్వర్ వాళ్లదైనా పర్లేదు. బిల్లు మాత్రం మన పేరున వెళ్లాలి, ఫోను మన దగ్గర మోగాలి. ఆ రెండూ వదులుకుంటే మళ్లీ యూట్యూబ్ సర్వర్ కథే.

అకౌంట్స్ వాళ్లకి ఒక చిన్న మాట, ఇంజినీర్లు ఒక నిమిషం ఓపిక పట్టండి. ఆపరేటర్లు ఏజీఆర్, అంటే సర్దుబాటు చేసిన స్థూల ఆదాయం మీద ప్రభుత్వానికి వాటా కట్టాలి. 2019 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పుతో అందులోకి ఏమేం వస్తాయో అందరికీ చేదుగా తెలిసింది. 2021 సంస్కరణల్లో టెలికామ్ కాని ఆదాయాన్ని ఇకపై లెక్కలోంచి తీసేశారు. ఎడ్జ్ సేవల బిల్లులో ఏ వరస టెలికామ్, ఏ వరస కాదు అన్నది సేవ డిజైన్ చేసిన రోజునే విడగొట్టి రాసుకోవాలి. అన్నీ కలిపి ఒకే ప్యాకేజీ పేరుతో అమ్మేసి తర్వాత విడదీయడం చాలా కష్టం. ఆ తేడాలోనే లాభమంతా పోవచ్చు.

ఫ్యాక్టరీలకి సొంత 5జీ గురించి కూడా ఒక మాట. 2022 జూన్‌లో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం సంస్థలు తమకోసం తాము నెట్‌వర్క్ పెట్టుకోవచ్చు, ఆపరేటర్ చేత పెట్టించుకోవచ్చు కూడా. పెట్టించుకునే దారే మనకి లాభం. ప్రశ్నలుంటే అడగండి.

(ఒక విద్యార్థిని) నమస్తే సార్, మాది సోంపేట. తిత్లీ తుపానప్పుడు మాకు రోజుల తరబడి కరెంటూ లేదు, సిగ్నలూ లేదు. ఈ ఎడ్జ్ ఉంటే అప్పుడు పని చేస్తుందా?

మంచి ప్రశ్నమ్మా. 2018 అక్టోబరు 11. కొబ్బరి, జీడి తోటలన్నీ నేలకొరిగిపోయాయి, టవర్లకి డీజిల్ తీసుకెళ్లడానికి దారే లేదు. సూటిగా చెబుతాను. గదిలో యూపీఎఫ్ ఒక్కటే పెట్టి ఎడ్జ్ అంటే, పై లైను తెగిన తర్వాత కొత్తగా నెట్‌వర్క్‌లో చేరే ఫోన్‌కి అది పనికిరాదు. ఎందుకంటే ఆ ఫోన్ ఎవరిది, అనుమతించాలా వద్దా అని తేల్చే కంట్రోల్ భాగం హైదరాబాదులో ఉంటుంది. ఆ భాగంలో కూడా కొంత ఇక్కడ ఉంటేనే ఊళ్లోవాళ్లు ఊళ్లో మాట్లాడుకోగలరు. అది ఖర్చు. కంపెనీ తనంతట తను పెట్టదు. కలెక్టరు కార్యాలయం, విపత్తుల విభాగం తమ ఒప్పందంలో అడిగి, దానికి డబ్బు కట్టాలి. ఫైబర్ కూడా రెండు దార్లలో రావాలి. ఒకటి జాతీయ రహదారి 16 వెంట, ఇంకొకటి పార్వతీపురం, రాయగడ వైపు నుంచి. రెండూ ఒకే గొయ్యిలో వేసి రెండు లైన్లున్నాయని చెప్పేవాళ్లని నమ్మకండి. ఇక సర్వర్లని కింది అంతస్తులో పెట్టొద్దు, నీళ్లొస్తాయి. ఈ కాస్త దానికి ఇంజినీరింగ్ డిగ్రీ అక్కర్లేదు గానీ, డిగ్రీలున్నవాళ్లే కింద పెట్టేస్తుంటారు.

(ఒక కేబుల్ ఆపరేటర్) సార్, మీరు సెప్పిందంతా పెద్ద కంపెనీలకే. మద్దిన మాకేటి మిగుల్తాది?

బాబూ, ఆ 30 శాఖల్లో చిన్న పెట్టె పెట్టేది ఎవరు? చివరి కిలోమీటరు తీగ ఎవరిది? ప్రయాణాలు సగం తగ్గుతాయన్నాను గానీ సున్నా అవుతాయనలేదు. మిగిలిన సగం మీరు చేస్తే కంపెనీకి విజయనగరం నుంచి మనిషిని పంపే పని తప్పుతుంది. కాబట్టి ఊరికే కనెక్షన్‌కింత అని కమిషన్ అడక్కండి. నెలకి పోర్టుకింత, వెళ్లిన రాకపోకకింత అని అడగండి. కొన్ని చోట్ల కంపెనీ వాళ్లు మీ హెడ్ఎండ్ గదిలోనే, అంటే మీరు చానళ్లు పంపే గదిలోనే, చిన్న సర్వర్ పెడతామని వస్తారు. పెట్టుకోనివ్వండి, అద్దె తీసుకోండి. కాకపోతే సర్వర్, దాని ఏసీ కలిపి ఇరవై నాలుగ్గంటలూ తిరుగుతాయి. సంతకం పెట్టేముందు కరెంటు మీటరు ఎవరి పేరున ఉంటుందో, సబ్‌మీటరు పెడతారో లేదో కాగితం మీద రాయించుకోండి. ఆ ఒక్క వరస రాయించుకోకపోతే, మీకు వచ్చే అద్దె కన్నా మీరు కట్టే బిల్లే ఎక్కువవుతుంది.